మంచు కోసం జాగారం

పాడికి బంగారంలాంటి గడ్డి అది. విత్తాలంటే తడి కావాలి. కోశాక ఆరాలంటే ఎండ కావాలి. తీరా కట్టలు కట్టే వేళకు మళ్లీ కాస్త మంచు కావాలి! వాన ముఖం చాటేసిన ఏడాది, సీజను చివర్లో ఆల్ఫాల్ఫా రైతు పడే పాట్లు అన్నీ ఇన్నీ కావు.

రాత్రి రెండు గంటలు. ఊరంతా గాఢనిద్రలో ఉంది. పొలం గట్టున ఆపిన ట్రక్కులోంచి రైతు దిగాడు. టార్చిలైటు వెలుగులో నడుచుకుంటూ వెళ్లి, బారులుగా పోసి ఉన్న ఎండుగడ్డిలోకి చెయ్యి దూర్చాడు. గుప్పెడు తీసి మెలిపెట్టాడు. గలగలమంటూ ఆకంతా పొడై వేళ్ల సందుల్లోంచి రాలిపోయింది. అబ్బే, ఇంకా మంచు దిగలేదు. మళ్లీ ట్రక్కెక్కి ఓ కునుకు తీశాడు. మూడింటికి లేచి మళ్లీ అదే పని. నాలుగింటికి గడ్డి చేతికి మెత్తగా తగిలింది. ఇక ఆలస్యం చేయలేదు. బేలర్ లైట్లు వెలిగాయి.

కాలిఫోర్నియా, నెవాడా, యూటా, ఐడహో... అమెరికా పడమటి రాష్ట్రాల్లో ఆల్ఫాల్ఫా పండించే ప్రాంతాల్లో ఎండాకాలమంతా ఇలాంటి రాత్రులే. పగలంతా కావలసినంత ఎండ. అయినా గడ్డి కట్టలు కట్టడానికి అర్ధరాత్రి దాకా, ఒక్కోసారి తెల్లవారుదాకా కాపలా! వాన పడుతుందేమోనని భయపడే రైతుల్ని చూశాం. మంచు పడదేమోనని మేలుకుని కూర్చునే రైతులు వీళ్లు.

ఆల్ఫాల్ఫా అనగానే మనలో చాలామందికి హోమియో షాపులో దొరికే టానిక్కు గుర్తొస్తుంది. ఆకలి పుట్టడానికి పిల్లలకు పట్టించే ఆ సీసా మీదున్న పేరు ఈ మొక్కదే. మన పశువైద్యులూ వ్యవసాయాధికారులూ దీన్నే 'లూసర్న్' అంటారు. చూడ్డానికి కాస్త పొడవు పెరిగిన మెంతికూరలా ఉంటుంది. పోలిక ఊరికే రాలేదు, రెండూ దగ్గరి చుట్టాలే. తమిళంలో దీని పేరు 'కుదిరై మసాల్'. కుదిరై అంటే గుర్రం. పర్షియాలో దీని పాత పేరుకు అర్థం కూడా గుర్రాల మేతే. క్రీస్తుకు పూర్వం అయిదో శతాబ్దంలో గ్రీకుల మీదికి దండెత్తిన పర్షియా సైన్యాలతో పాటు ఈ గడ్డీ గ్రీసు చేరిందని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. గుర్రాలు ఎక్కడికి వెళ్తే మేతా అక్కడికి వెళ్లాలి కదా!

ఆకులోనే అంతా

ఇంతకీ మంచెందుకు? అది తెలియాలంటే ఈ మొక్క ఆకు విలువ తెలియాలి.

ఆల్ఫాల్ఫా బరువులో ఆకు వాటా సుమారు సగం. మాంసకృత్తుల్లో మాత్రం దాదాపు 70 శాతం ఆ ఆకులోనే ఉంటాయి. అంటే, ఆకు రాలిపోతే మిగిలేది పుల్లలు. ఆవు దాన్నీ నములుతుంది కానీ, పాలు మాత్రం ఆ మేరకు రావు. చిక్కేమిటంటే, కోసిన గడ్డిలో ఆకు ముందు ఎండుతుంది, కాడ తర్వాత ఎండుతుంది. కాడ ఆరేదాకా ఆగితే ఆకు పెళపెళలాడి రాలిపోతుంది. ఆకు కోసం తొందరపడితే కాడలో తడి మిగిలిపోతుంది.

ఆ తడితో పెద్ద ప్రమాదమే ఉంది. పొలంలో కోసినప్పుడు మొక్కలో 75 నుంచి 80 శాతం నీరే. కట్టలు కట్టే వేళకు అది 15-18 శాతానికి దిగాలి. 20 దాటితే బూజు పడుతుంది. ఇంకా ఎక్కువైతే సూక్ష్మజీవుల పనితో కట్ట లోపల వేడి పుడుతుంది. ఆ వేడి బయటికి పోయే దారి లేక పెరిగి పెరిగి, ఎవరూ అగ్గిపుల్ల గీయకుండానే వామి అంటుకుంటుంది! షెడ్డులో పేర్చిన మూడు నాలుగు వారాలకు కూడా ఇలా జరగొచ్చు. అందుకే అక్కడి రైతులు పొడవాటి ఇనుప గొట్టంలాంటి థర్మామీటరును వామిలోకి గుచ్చి చూస్తుంటారు. 65 డిగ్రీల సెల్సియస్ దాటితే గుండెల్లో రాయి పడ్డట్టే.

అందుకని కోత యంత్రంలోనే రోలర్లు పెట్టారు. చెరకు గడను గానుగలో పెట్టినట్టు, కాకపోతే కాస్త మృదువుగా, కాడను నలిపి వదులుతాయవి. కాడలోని నీరు త్వరగా ఆరిపోతుంది. గడ్డిని పొలంలో పల్చగా, వెడల్పుగా పరుస్తారు. కోశాక కూడా మొక్క కొన్ని గంటలు ఊపిరి తీస్తూనే ఉంటుంది. తనలోని చక్కెరను తానే ఖర్చు పెట్టుకుంటుంది. ఎంత తొందరగా ఆరితే అంత సారం మిగులుతుంది. ఇంతవరకూ ఎండ మిత్రుడే.

అసలు ఇబ్బంది ఆ తర్వాతే. సీజను చివర్లో తేమలేని పొడిగాలులు వీస్తుంటే గడ్డి రెండ్రోజుల్లో కరకరలాడిపోతుంది. మధ్యాహ్నం పూట దాన్ని కదిపితే చాలు, ఆకు దుమ్మైపోతుంది. కాడ బాగా ఎండాలి, కానీ ఆకు మీద మాత్రం పైపైన ఇంత చెమ్మ ఉండాలి. ఆ చెమ్మను ఉచితంగా ఇచ్చేది మంచొక్కటే. అదీ ఎక్కువ కాకూడదు. ఒక రాత్రిలో పనికొచ్చే సమయం రెండు మూడు గంటలే ఉండొచ్చు. కొన్ని రాత్రులు అసలు ఉండదు. ఈ బాధ పడలేక ఇప్పుడు బేలర్‌తో పాటే ఆవిరి యంత్రాన్ని లాక్కెళ్తున్నవాళ్లూ ఉన్నారు. ఇడ్లీ పాత్రలోంచి వచ్చినట్టు ఆవిరి గడ్డి మీదికి వస్తుంది, ఆకు మెత్తబడుతుంది, కట్ట బిగుసుకుంటుంది. ఆ యంత్రం ధర మాత్రం చిన్న రైతు అందుకోగలిగింది కాదు.

తడి ఎంతుందో తెలుసుకునే పద్ధతులు కొన్ని వంటింట్లోవే. గుప్పెడు గడ్డి తూకం వేసి, మైక్రోవేవ్ ఓవెన్‌లో కొద్దికొద్దిగా ఎండబెట్టి మళ్లీ తూస్తారు. తగ్గిన బరువే తడి. ఇంకోటి మరీ సులువు. గడ్డిని చిన్న ముక్కలు చేసి సీసాలో వేసి, చెంచాడు పొడి ఉప్పు కలిపి ఊపుతారు. ఉప్పు ఉండకడితే ఇంకా ఆరలేదని లెక్క. అనుభవం ఉన్నవాళ్లకు అదీ అక్కర్లేదు. కాడను గోటితో గీరితే తొక్క లేచివచ్చిందా, ఇంకో పూట ఆగాల్సిందే.

విత్తాలా... ఆగాలా?

ఎండిన గడ్డికి మంచు కరవైతే, కొత్తగా విత్తేవాళ్లకు వాన కరవు. మిన్నెసోటా, విస్కాన్సిన్‌లాంటి ఉత్తరాది రాష్ట్రాల్లో వసంతంలో విత్తడం కుదరనివాళ్లు ఆగస్టులో విత్తుతారు. అప్పటికి కలుపు తగ్గుతుంది, గోధుమ కోతలైన చేలు ఖాళీగా ఉంటాయి. అంతా బాగానే ఉంది కానీ, గడువు మాత్రం కరాఖండీ. ఉత్తరాన ఆగస్టు నడిమికల్లా, దక్షిణాన నెలాఖరుకల్లా గింజ నేలలో పడాలి. గడ్డకట్టించే చలి రాకముందు మొక్కకు ఆరు నుంచి ఎనిమిది వారాల ఎదుగుదల ఉండాలి. అప్పుడే వేరుకు పైన గట్టి మొదలు ఏర్పడుతుంది. అది ఉంటేనే మంచు కింద బతికి వచ్చే వసంతానికి చిగురు వేస్తుంది.

గింజేమో మరీ చిన్నది. కిలోకు నాలుగు లక్షలకు పైనే తూగుతాయి. దాన్ని అరంగుళం కన్నా లోతున వేయకూడదు, వేస్తే పైకి రాలేదు. ఆగస్టు ఎండలకు నేలలో ముందుగా ఎండిపోయేది సరిగ్గా ఆ పై అరంగుళమే! లోపల పదునున్నా గింజకు అందదు.

ఇక ఏం చేయాలి? పొడి దుక్కిలో వేసి వాన కోసం చూడటం ఒక దారి. వాన రాకపోతే గింజ పడుకునే ఉంటుంది, పెద్దగా నష్టం లేదు. రావలసినంత వస్తే అదృష్టమే. చిరుజల్లు పడి ఆగిపోయిందో, గింజ మొలిచి, మొలక వాడి, పెట్టుబడి మట్టిలో కలుస్తుంది. వాన పడ్డాకే విత్తుదామని కూర్చుంటే గడువు దాటిపోతుంది. మన మెట్టరైతులకు ఇది చెప్పాలా? జూన్‌లో తొలకరి జల్లుకు వేరుశనగ వేసి, ఆ తర్వాత మబ్బు వంక చూస్తూ కూర్చున్న రాయలసీమ రైతును అడగండి.

పాత చేను పల్చబడింది కదా, అందులోనే మళ్లీ ఇంత చల్లేద్దామంటే అదీ కుదరదు. ఎదిగిన ఆల్ఫాల్ఫా మొక్కలు వదిలే రసాయనాలు నేలలో చేరి తమ జాతి మొలకల్నే ఎదగనివ్వవు. అత్తగారున్న ఇంట్లో కొత్తకోడలి పరిస్థితి అన్నమాట! పాత చేను దున్ని, మధ్యలో వేరే పంట వేసి, తర్వాత గానీ ఈ గడ్డి మళ్లీ వేయరు.

గ్రిమ్ గారి గింజలు

మిన్నెసోటా చలికి ఈ గడ్డి బతుకుతుందని మొదట్లో ఎవరూ నమ్మలేదు. అది వేడి దేశాల నుంచి వచ్చింది. బంగారం వేటలో జనం ఎగబడిన 1850లలో చిలీ దేశం నుంచి కాలిఫోర్నియాకు వచ్చిన విత్తనం అక్కడి ఎండకు బాగా అలవాటుపడింది. ఉత్తరాది మంచులో మాత్రం ఒక్క శీతాకాలం దాటడం గగనం.

1857లో వెండెలిన్ గ్రిమ్ అనే జర్మన్ రైతు కుటుంబంతో సహా వలస వచ్చి మిన్నెసోటాలోని కార్వర్ కౌంటీలో స్థిరపడ్డాడు. సామాన్లతో పాటు చిన్న సంచిలో పది కిలోలకు మించని గింజలు తెచ్చుకున్నాడు. మరుసటి ఏడాది విత్తాడు. చలికి చాలావరకు చచ్చిపోయాయి. బతికిన కొద్ది మొక్కల నుంచి గింజ తీసి మళ్లీ వేశాడు. మళ్లీ చచ్చాయి. మళ్లీ మిగిలిన వాటి గింజ తీశాడు. ఇలా ఏళ్ల తరబడి. ఆయనకు జన్యుశాస్త్రం తెలియదు. వదిలిపెట్టడం కూడా తెలియనట్టుంది! చివరికి ఆయన పొలంలో చలికి చావని గడ్డి తయారైంది. ఎప్పటికీ ఉండే గడ్డి అని దానికి ఆయన పెట్టుకున్న పేరు. ఓ కరవు ఏడాది ఊళ్లో పశువులన్నీ బక్కచిక్కితే గ్రిమ్ పశువులు మాత్రం నిగనిగలాడుతున్నాయట. మొక్కజొన్న ఎక్కడ కొన్నావని అడిగితే, గింజ కూడా కొనలేదు, ఈ గడ్డి మీదే పెంచానన్నాడని అక్కడ కథగా చెప్పుకుంటారు.

పొరుగు ప్రాంతానికి చెందిన ఆర్థర్ లైమన్ ఈ గడ్డి సంగతి మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్ల చెవిన వేసేసరికి 1900 ప్రాంతమైంది. అప్పటికి గ్రిమ్ లేడు. గడ్డికి మాత్రం ఆయన పేరే పెట్టారు. ఉత్తర అమెరికాలో చలిప్రాంతాల పాడికి ఆ రకమే పునాది అయింది. ఆయన ఇల్లు ఇప్పటికీ కార్వర్ పార్కులో ఉంది.

కొయ్యకపోవడం కూడా పనే

ఈ మొక్క కరవును తట్టుకోవడానికి కారణం వేరు. మామూలుగానే రెండు మూడు మీటర్ల లోతుకు దిగుతుంది. నేల అనుకూలిస్తే ఇంకా కిందికీ పోతుంది. నీరు మరీ దొరక్కపోతే చావదు, పడుకుంటుంది. పైఎదుగుదల ఆపేసి, ఉన్న చక్కెరను వేరులో దాచుకుని వాన కోసం ఎదురుచూస్తుంది. జానెడు ఎత్తున, చిన్న చిన్న ఆకులతో, అప్పుడే పూత పట్టి నిలబడిన చేను చూస్తే రైతుకు చెయ్యి ఊరుకోదు. ఎలాగూ ఎదగడం లేదు, ఉన్నది కోసేద్దాం అనిపిస్తుంది. కొట్లో మేత నిండుకున్న ఏడాది మరీ అనిపిస్తుంది.

అక్కడే ఆగాలంటారు శాస్త్రవేత్తలు. సెప్టెంబరు మొదలు అక్టోబరు నడిమి దాకా ఉత్తరాదిన ఈ గడ్డి జోలికి వెళ్లకపోవడం మంచిదని చాలాకాలంగా చెబుతున్నారు. ఆ రోజుల్లో కోస్తే మొక్క వేరులో దాచుకున్నదంతా ఖర్చుపెట్టి కొత్త చిగుర్లు వేస్తుంది. ఆ వెంటనే చలి వచ్చి ఆ చిగుర్లను కాల్చేస్తుంది. దాచుకున్నదీ పోయి, చిగురూ పోయి, ఖాళీ వేరుతో శీతాకాలంలోకి వెళ్లిన మొక్క మార్చిలో లేవకపోవచ్చు. కోయక తప్పదనుకుంటే బాగా చలి పడ్డాక, మొక్క పూర్తిగా నిద్రపోయాక కోయాలి. అప్పుడు కూడా జానెడు మోడు వదలాలి. మోళ్ల మధ్య నిలిచిన మంచు వేళ్లకు దుప్పటిలా ఉంటుంది. (మంచు అనే మాట ఇన్ని రకాలుగా వాడాల్సి వస్తోంది, ఏం చేస్తాం! తెలుగులో గడ్డిపరక మీది బొట్టూ మంచే, హిమాలయాల మీదిదీ మంచే.)

చెప్పినంత తేలిక కాదు. 2012లో అమెరికా మధ్యరాష్ట్రాలను పెద్ద కరవు కాల్చేసింది. ఎండుగడ్డి ధరలు ఆకాశాన్నంటాయి. నేల బాగుకోసం బీడుగా ఉంచిన భూముల్లో కూడా గడ్డి కోసుకోవడానికి అక్కడి ప్రభుత్వం అనుమతించింది. అలాంటి ఏడాది కళ్లెదుట జానెడు గడ్డి పెట్టుకుని, వచ్చే ఏడాది కోసం కొయ్యకుండా ఉండాలంటే ఎంత గుండెనిబ్బరం కావాలి? పశువుకు ఆకలేసేది వచ్చే ఏడాది కాదు, ఇవాళే.

నీళ్లు పెట్టకపోతే డబ్బులు!

ఈ నిద్రపోయే గుణానికే ఈ మధ్య వెల కట్టారు. కాలిఫోర్నియా దక్షిణాన ఇంపీరియల్ లోయ ఎడారి. కొలరాడో నది నీటితో అక్కడ ఏడాది పొడుగునా ఆల్ఫాల్ఫా పండిస్తారు. ఆ నదేమో ఏటికేడు చిక్కిపోతోంది. మనుషులు ఆ నది నుంచి వాడుకునే నీటిలో 46 శాతం పశువుల మేతకే పోతోందని 2024లో వచ్చిన ఓ అధ్యయనం లెక్కగట్టింది. అదే ఏడాది ఆగస్టులో అక్కడి సాగునీటి సంస్థ కేంద్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. వేసవి చివర్లో ఒకటిన్నర నుంచి రెండు నెలలు గడ్డికి నీళ్లు ఆపిన రైతుకు డబ్బులిస్తారు. చేను గోధుమరంగుకు తిరుగుతుంది. తర్వాత తడి ఇస్తే మళ్లీ పచ్చబడుతుంది. కోత పోయినా మొక్క మిగులుతుంది.

ఆ నీటిని గడ్డి రూపంలో ఓడలెక్కించడం ఇంకో గొడవ. సౌదీ అరేబియా తన భూగర్భజలం అడుగంటుతోందని దేశంలో పచ్చిమేత సాగును కట్టడి చేసింది. అక్కడి పాల కంపెనీ అల్మరాయ్ 2014లో అరిజోనాలో దాదాపు 10 వేల ఎకరాలు కొని ఆల్ఫాల్ఫా వేసింది. ఆ కంపెనీ అనుబంధ సంస్థకు అరిజోనా ప్రభుత్వ భూముల్లో ఉన్న లీజుల్లో ఒకదాన్ని 2023లో గవర్నర్ రద్దు చేశారు, మిగిలినవి పొడిగించబోమన్నారు. 2021లో జరిగిన భారత్-అమెరికా వాణిజ్య చర్చల ప్రకటనలోనూ ఈ గడ్డి పేరుంది. ఇటు నుంచి మామిడి, దానిమ్మ. అటు నుంచి చెర్రీ పండ్లు, ఆల్ఫాల్ఫా ఎండుగడ్డి!

మన మంచు మనకుంది

మన దగ్గర లూసర్న్ చలికాలపు పంట. అక్టోబరు, నవంబరుల్లో విత్తుతారు. నీటి వసతి, మురుగు నిలవని నేల ఉండాలి. ఎకరాకు ఆరు నుంచి ఎనిమిది కిలోల విత్తనం. బెల్లం పాకంలో రైజోబియం పొడి కలిపి గింజకు పట్టించి, నీడన ఆరబెట్టి వేస్తారు. రెండు నెలలకు తొలికోత, తర్వాత నెలకోసారి. విత్తనంతో పాటు బంగారుతీగ గింజలు రాకుండా చూసుకోవాలి. కృష్ణా డెల్టాలో మినప చేలను అల్లుకుని పీల్చేసే ఆ పసుపుపచ్చ తీగ దీన్నీ వదలదు. ఇంకో జాగ్రత్త. రుచిగా ఉంది కదా అని పశువును పచ్చి చేలోకి వదిలితే కడుపుబ్బరం వస్తుంది. వరిగడ్డితో కలిపి వేయాలి.

మన రైతులకున్నది కుంటలూ సెంట్లూ. ఏ పూటకాపూట కోసి పచ్చిగానే వేసేస్తారు. జనవరి, ఫిబ్రవరి కోతల్లో మిగిలినదాన్ని నీడలో ఆరబెట్టి దాచుకోవచ్చని అధికారులు చెబుతుంటారు. ఏప్రిల్‌లో బోరు నోరు తెరిచినప్పుడు దాని విలువ తెలుస్తుంది. రాయలసీమలో ఆ లోటు తీర్చేది వేరుశనగ కట్టె. దానిదీ ఇదే సంగతి. బాగా ఎండ ఎక్కాక కదిపితే ఆకు రాలి పుల్ల మిగులుతుంది.

మంచు విలువ మనకు కొత్తేం కాదు. దివిసీమ పక్కన మా అమ్మమ్మగారి ఊళ్లో మినుము కోతలకు కూలీలు ఇంకా చీకటుండగానే చేలో దిగేవారు. ఎండెక్కితే కాయ చిట్లి గింజ నేలపాలవుతుంది. ఒకసారి సెలవులకు వెళ్లినప్పుడు నేనూ కొడవలి పట్టుకుని బయల్దేరాను, ఎనిమిదింటికి తీరిగ్గా టిఫిను చేసి. చేలో ఎవరూ లేరు. పనలన్నీ వరసగా పడుకుని ఉన్నాయి. గట్టు మీద తాతయ్య ఒక్కడే ఉన్నాడు. నన్ను చూసి నవ్వి, ఇంటికి పొమ్మన్నాడు.

అక్కడ, నెవాడాలోనో యూటాలోనో, ఆ వేళకు బేలర్ కూడా ఆగిపోతుంది. ఎండకు చెమ్మంతా ఎగిరిపోయి గడ్డి మళ్లీ గలగలమంటుంది. ఇంకా కట్టాల్సిన వరసలు మిగిలే ఉంటాయి. రైతు యంత్రం దిగి ఇంటికెళ్లి పడుకుంటాడు, రాత్రి ఒంటిగంటకు అలారం పెట్టుకుని.